క్రిమ్సన్ రోజ్ (సీతాకోకచిలుక)

క్రిమ్సన్ రోజ్ భారతదేశం, శ్రీలంకలలో కనిపించే ఒక పెద్ద సీతాకోకచిలుక. దీని శాస్త్రీయ నామం పాక్లియోప్టా హెక్టార్. ఇది పాపిలియోనిడే కుటుంబానికి చెందినది. నల్లని రెక్కలపై తెల్లని పట్టీలు, ఎర్రని చుక్కలు, ఎర్రని శరీరం దీని ముఖ్య లక్షణాలు. విశాఖపట్నం నగరంలో దీనిని మద్దిలపాలెంకు ఉత్తరాన ఉన్న కంబాలకొండ అడవిలోను, ఆ చుట్టుపట్ల పొదలలోను చూడవచ్చును.

ఈ సీతాకోకచిలుక విషపూరితమైనది కనుక పక్షులు దీని జోలికి పోవు. ఆ భయాన్ని ఆసరాగా చేసుకొని ఏ విషమూ లేని మరొక జాతి, అనగా కామన్ మోర్మన్ ఆడది, ఇదే వేషంతో అదే ప్రాంతంలో ఎగురుతుంది. అసలుకు, నకలుకు గల తేడాను ఎవరైనా కొద్దిపాటి శ్రద్ధతో గుర్తించవచ్చును. అసలు జాతి మనుగడ మాత్రం ఈశ్వరి అనే ఒక అడవి తీగపైన, దాని దగ్గరి బంధువులైన కొద్ది మొక్కలపైన ఆధారపడి ఉంది.

పేరు

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో ఈ జాతిని వర్ణించాడు. ఆయన పెద్ద సీతాకోకచిలుకలకు గ్రీకు పురాణగాథలోని ట్రాయ్ యుద్ధ వీరుల పేర్లు పెట్టాడు. నల్లని రెక్కలు కలిగి, రొమ్ముపై నెత్తురు మరకల వంటి ఎర్రని మచ్చలు గలవాటిని ట్రాయ్ పక్షపు వీరులుగాను, అట్టి మచ్చలు లేనివాటిని గ్రీకు పక్షపు వీరులుగాను విభజించాడు. ఆ విధంగా ట్రాయ్ రాకుమారుడు హెక్టార్ పేరు దీనికి వచ్చినది. శరీరంపై ఎరుపును చూసి గుర్తించడమనే పద్ధతి నేటికీ ఈ జాతి విషయంలో అన్నింటికంటె నమ్మదగినది కావడం గమనించదగిన విషయం.

క్రిమ్సన్ రోజ్ అనే ఆంగ్ల నామానికి ముదురు ఎరుపు గులాబి అని అర్థం. ఈ వర్గపు సీతాకోకచిలుకలన్నింటికీ రోజ్ అనే పేరు వాడుకలో ఉంది.

వర్ణన

రెక్కలు విప్పినప్పుడు ఈ చివర నుండి ఆ చివరకు వెడల్పు సుమారు 90 నుండి 110 మిల్లీమీటర్లు ఉంటుంది. పై భాగం నిగనిగలాడే నలుపు. ముందు రెక్కపై అడ్డంగా ఒక వెడల్పాటి తెల్లని పట్టీ, రెక్క కొనకు దగ్గరగా మరొక చిన్న తెల్లని పట్టీ ఉంటాయి. ఈ పట్టీలు ఒకే గీతగా కాక, నల్లని ఈనెల మధ్య తెగితెగి కనిపిస్తాయి. వెనుక రెక్కపై ఎర్రని చుక్కలు వంపు తిరిగిన వరుసగా ఉంటాయి. వాటి వెలుపల, అంచుకు దగ్గరగా నెలవంక ఆకారంలో మరొక ఎర్రని వరుస ఉంటుంది. వెనుక రెక్కకు చిన్న తోక కలదు.

తల, ఉదరంలో అధిక భాగం ముదురు ఎరుపుగా ఉంటాయి. రొమ్ము పైభాగం, ఉదరపు మొదలు మాత్రం నలుపు. రొమ్ము పక్కలు ఎరుపే. ఆడదానిలో ఎరుపు కొంత వెలిసినట్లుగా, రెక్కల నలుపు కొంత మందంగా ఉంటుంది.

దీని ఎగురుడు నిదానమైనది. ప్రమాదం నుండి తప్పించుకొనవలసిన అవసరం తక్కువ కనుక తొందర కనిపించదు. సాయంకాలం ఇవి ఒకే కొమ్మపై అనేకం చేరి రాత్రి విశ్రమిస్తాయి. కొన్ని కాలాలలో పెద్ద సంఖ్యలో గుంపులుగా ప్రయాణిస్తాయి. తమిళనాడులోని రామేశ్వరం, ధనుష్కోటి తీరం నుండి సముద్రం మీదుగా శ్రీలంక వైపు ఇవి ఎగిరిపోవడం నమోదైనది.

ఇతర జాతులతో పోలిక

నలుపు, ఎరుపు, తెలుపు రంగులు గల పెద్ద సీతాకోకచిలుక కనిపించినప్పుడు ఈ క్రింది నాలుగు రూపాలను దృష్టిలో ఉంచుకొనవలెను.

* క్రిమ్సన్ రోజ్: ముందు రెక్కపై తెల్లని పట్టీలు ఉంటాయి. వెనుక రెక్కపై ఎర్రని చుక్కలే తప్ప తెలుపు ఉండదు. శరీరం ఎరుపు.
* కామన్ రోజ్: ముందు రెక్కపై తెల్లని పట్టీ ఉండదు. వెనుక రెక్క మధ్య తెల్లని మచ్చలు, అంచున ఎర్రని చుక్కలు ఉంటాయి. శరీరం ఎరుపు. ఇది కూడా విషపూరితమైనదే.
* కామన్ మోర్మన్ ఆడది, రోములస్ రూపం: రెక్కలు క్రిమ్సన్ రోజ్ రెక్కలను పోలి ఉంటాయి. శరీరం నలుపు.
* కామన్ మోర్మన్ ఆడది, స్టికియస్ రూపం: రెక్కలు కామన్ రోజ్ రెక్కలను పోలి ఉంటాయి. శరీరం నలుపు.

కావున గుర్తించడంలో రెండు మెట్లు ఉన్నాయి. మొదట రెక్కలను చూసి అది ఏ జతకు చెందినదో నిర్ణయించవలెను. తరువాత శరీరాన్ని చూసి అసలో, నకలో తేల్చవలెను. క్రిమ్సన్ రోజ్ వీపు నల్లగానే ఉంటుంది కనుక పై నుండి చూసినప్పుడు పొరపడే అవకాశం ఉంది. అందుచేత తల, ఉదరం చివరి భాగం, శరీరపు పక్కలు చూడవలెను. అక్కడ ఎరుపు ఉన్నచో అసలు, లేనిచో నకలు.

ఎగురుడులో కూడా కొంత తేడా ఉంది. కామన్ మోర్మన్ ఆడది మామూలుగా ఎగిరేటప్పుడు రోజ్ జాతుల నిదానాన్నే అనుసరిస్తుంది. బెదరినప్పుడు మాత్రం ఆ వేషం విడిచి, వంకరటింకరగా వేగంగా పారిపోతుంది.

అనుకరణ

రుచిలేని, లేదా విషం గల ఒక జీవి రూపాన్ని విషం లేని మరొక జీవి పొందడాన్ని బేట్సియన్ అనుకరణ అంటారు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులలో సీతాకోకచిలుకలను పరిశీలించిన ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో దీనిని వివరించాడు.

ఇది జరిగే తీరు సులభంగా గ్రహించవచ్చును. అనుభవం లేని పక్షి ఒక క్రిమ్సన్ రోజ్‌ను పట్టి, చేదును చవిచూచి విడిచిపెడుతుంది. నలుపు, తెలుపు, ఎరుపు రంగుల కూర్పును అది గుర్తుంచుకుంటుంది. ఆ తరువాత అదే కూర్పు గల కామన్ మోర్మన్ ఎదురైనా వదలివేస్తుంది. అయితే ఈ మోసం సాగాలంటే అసలు జాతి ఆ ప్రాంతంలో తగినంతగా ఉండి తీరాలి. అసలు తగ్గి, నకలు పెరిగితే పక్షికి మొదట దొరికేది రుచిగల సీతాకోకచిలుకే కావచ్చును. అప్పుడు ఆ రంగులకు భయం పోతుంది. క్రిమ్సన్ రోజ్ ఉన్న ప్రాంతాలలోనే రోములస్ రూపం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

కామన్ మోర్మన్‌లో ఆడవి మాత్రమే ఈ వేషం ధరిస్తాయి. మగది నల్లగా ఉండి, వెనుక రెక్కపై అడ్డంగా తెల్లని మచ్చల వరుస కలిగి ఉంటుంది. ఆడవాటిలో మగదానిని పోలిన సైరస్ అనే మూడవ రూపం కూడా ఉంది. ఒకే జాతిలో ఇన్ని రూపాలు ఉండుటచేత పూర్వపు శాస్త్రవేత్తలు వాటికి పమ్మోన్, పాలిటీస్, రోములస్ అని వేర్వేరు జాతి నామాలు పెట్టారు. ఇవన్నీ ఒకే జాతి అని తేలిన తరువాత పాపిలియో పాలిటీస్ అనే పేరు స్థిరపడినది. ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఆడ రూపాలను చర్చించాడు.

ఒకే తల్లి పిల్లలలో రెండు మూడు వేషాలు ఎట్లు వస్తాయన్న ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసినది. 2014లో భారతీయ శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు నేచర్ పత్రికలో దీనికి సమాధానం ప్రచురించారు. కీటకాలలో ఆడ, మగ లక్షణాలను నిర్దేశించే డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు ఈ రెక్కల రూపాలను కూడా నియంత్రిస్తున్నదని వారు చూపారు.

ఈశ్వరి తీగ

క్రిమ్సన్ రోజ్ గొంగళి పురుగుకు ఆహారం ఈశ్వరి, నల్లేశ్వరి అని పిలువబడే తీగ. దీని శాస్త్రీయ నామం అరిస్టోలోకియా ఇండికా. ఇది అడవి అంచులలో, పొదలలో ఇతర మొక్కలపై అల్లుకొని పెరుగుతుంది. పువ్వు లేతాకుపచ్చని గొట్టం వలె ఉండి, దాని పెదవి ఊదారంగులో ఉంటుంది. చిన్న ఈగలు ఆ గొట్టంలో కొంతసేపు చిక్కుకొని పరాగ సంపర్కం జరుపుతాయి. కాయ ఎండినప్పుడు తొడిమ వైపు నుండి పగిలి, తాళ్ళతో వేలాడే చిన్న ఉట్టి వలె కనిపిస్తుంది. తీగను గుర్తించడానికి ఈ కాయ మంచి ఆనవాలు. ఇదే ప్రజాతికి చెందిన గాడిదగడప మొక్కపై కూడా ఈ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది.

ఈ మొక్కలలో అరిస్టోలోకిక్ ఆమ్లాలు అనే విషపదార్థాలు ఉన్నాయి. గొంగళి పురుగు ఆకుతో పాటు ఈ విషాన్ని మింగి, దానికి లొంగక, తన శరీరంలో దాచుకుంటుంది. ఆ విషం ప్యూపా దశ దాటి సీతాకోకచిలుకలో కూడా నిలిచి ఉంటుంది. అందుచేత ఎర్రని శరీరం పక్షులకు ఒక హెచ్చరిక.

నాటువైద్యంలో ఈశ్వరిని పాముకాటుకు, ఇతర వ్యాధులకు వాడే అలవాటు ఉండేది. అరిస్టోలోకిక్ ఆమ్లాలు మనుషులలో మూత్రపిండాలను శాశ్వతంగా దెబ్బతీస్తాయని, క్యాన్సర్‌ను కలిగిస్తాయని రుజువైనది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చినది. కనుక ఈ మొక్కలో ఏ భాగాన్నీ మందుగా తీసుకొనరాదు. పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు సూదిమందే చికిత్స.

జీవిత చక్రం

ఆడ క్రిమ్సన్ రోజ్ ఈశ్వరి ఆకులు, లేత కాడలపై గుడ్లను విడివిడిగా పెడుతుంది. గుడ్డు ఎరుపు కలిసిన రంగులో గుండ్రంగా ఉంటుంది. గొంగళి పురుగు ముదురు ఊదా నలుపు రంగులో ఉండి, ఒళ్ళంతా నారింజ ఎరుపు రంగు కండగల మొటిమలతో కనిపిస్తుంది. కామన్ రోజ్ గొంగళి పురుగుకు నడుము వద్ద తెల్లని పట్టీ ఉంటుంది, దీనికి ఉండదు. అయిదు దశలలో అది కుబుసం విడుస్తూ పెరుగుతుంది. ముట్టుకున్నచో తల వెనుక నుండి చీలిన నాలుక వంటి అవయవాన్ని బయటకు చాపి, ఘాటైన వాసనను విడుస్తుంది.

పెరుగుదల పూర్తయిన తరువాత ఒక కాడకు పట్టుదారంతో నడుము కట్టుకొని ప్యూపాగా మారుతుంది. ప్యూపా ముడుచుకొని ఎండిన ఆకు వలె ఉండుటచేత కనిపెట్టడం కష్టం.

దీనికి భిన్నంగా కామన్ మోర్మన్ నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు వంటి నిమ్మ కుటుంబపు మొక్కలపై పెరుగుతుంది. దాని చిన్న గొంగళి పురుగులు పక్షి రెట్ట వలె కనిపిస్తాయి, పెద్దవి ఆకుపచ్చగా ఉంటాయి. ఇళ్ళలో కరివేపాకు మొక్కపై కనిపించే ఆకుపచ్చని లావుపాటి పురుగు చాలాసార్లు ఇదే.

విశాఖపట్నంలో

మద్దిలపాలెం విశాఖపట్నంలో 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న ప్రధాన కూడలి. 1926లో స్థాపించబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం దీనికి సమీపంలో ఉంది. ఆ విశ్వవిద్యాలయ పరిశోధకులు విశాఖ పరిసరాలలోని అనేక సీతాకోకచిలుకల జీవిత చరిత్రలను, ఆహార మొక్కలను, పూలతో వాటికి గల సంబంధాన్ని అధ్యయనం చేసి ప్రచురించారు.

మద్దిలపాలెం నుండి రహదారి వెంట ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక దాటిన తరువాత కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం వస్తుంది. దీని విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ అడవి 2002 నుండి అభయారణ్యంగా ఉంది. తూర్పు కనుమలకు చెందిన ఈ కొండలలో పొడి సతతహరిత వృక్షాలు, పొదలు, పచ్చిక బయళ్ళు కలిసి ఉంటాయి. 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల కూడా ఈ అడవిని ఆనుకొని ఉంది.

నగరం, అడవి ఇంత దగ్గరగా ఉండుటచేత అసలు, నకలు అనే జంటను ఒకే రోజున పరిశీలించే అవకాశం ఇక్కడ కలుగుతుంది. నకలు మద్దిలపాలెం పెరళ్ళలోని కరివేపాకు, నిమ్మ చెట్లపై కూడా పెరగగలదు. అసలుకు ఈశ్వరి తీగ గల పొదలు కావాలి. అనగా నగరంలోని నకలుకు రక్షణ కల్పిస్తున్నది అడవిలోని అసలే.

పరిశీలన

క్రిమ్సన్ రోజ్ సంవత్సరం పొడుగునా కనిపిస్తుంది. వానలు కురిసి, తీగలు చిగిర్చిన తరువాత, అనగా ఆగస్టు నుండి డిసెంబరు వరకు చూచుట మేలు. ఉదయం ఎండ పడిన తరువాత ఇవి పూల వద్దకు వస్తాయి. లంటానా, నూరువరహాలు పూలంటే వీటికి ఇష్టం.

* పూల పొద వద్ద కదలక నిలబడవలెను. వెంట పరుగెత్తిన యెడల సీతాకోకచిలుక దూరమగును. నిలబడినచో తిరిగి అదే పొదకు వచ్చును.
* పరిశీలకుని నీడ పువ్వుపై పడకుండా చూసుకొనవలెను.
* ఫొటో తీసేటప్పుడు రెక్కలతో పాటు శరీరపు పక్కభాగం కూడా స్పష్టంగా వచ్చునట్లు తీయవలెను. రెక్కలు మాత్రమే ఉన్న ఫొటోతో జాతిని నిర్ధారించడం కష్టం.
* తేదీ, సమయం, స్థలం, వాలిన మొక్క పేరు పుస్తకంలో వ్రాసుకొనవలెను. గుడ్లు పెట్టుచున్న ఆడదానిని చూసినచో ఆ తీగను తప్పక గుర్తుంచుకొనవలెను.
* అభయారణ్యంలో ఏ జీవినీ పట్టుకొనరాదు, మొక్కలను త్రుంచరాదు. అటవీ శాఖ అనుమతించిన దారులలోనే నడవవలెను.

విద్యార్థులు పాఠశాల ఆవరణలోని కరివేపాకు, నిమ్మ మొక్కలపై కామన్ మోర్మన్ జీవిత చక్రాన్ని ముందుగా పరిశీలించవచ్చును. నకలును బాగా ఎరిగినవారికి అడవిలో అసలును గుర్తించడం సులభమవుతుంది.

సంరక్షణ

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో క్రిమ్సన్ రోజ్ చేర్చబడినది. 2022 నాటి సవరణ చట్టం ఆ షెడ్యూళ్ళను తిరిగి కూర్చినది. చట్టం సీతాకోకచిలుకను పట్టకుండా, అమ్మకుండా ఆపగలదు. దాని ఆహార మొక్క నిలిచి ఉండుటకు మాత్రం నేల, పొద కావాలి.

ఈశ్వరి చూపరులకు ఆకర్షణీయమైన మొక్క కాదు. దారి పక్కన, ఖాళీ స్థలాలలో పొదలను శుభ్రం చేసేటప్పుడు దీనిని పిచ్చితీగగా ఎంచి పెరికివేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నగరంలోను, కొండలపైన పెద్ద చెట్లు విస్తారంగా కూలిపోయాయి. ఆ తరువాత నగరంలో మొక్కలు నాటే కార్యక్రమాలు జరిగాయి. నీడనిచ్చే చెట్లు, పూల మొక్కలు ఎన్ని నాటినా ఈశ్వరి లేనిచోట క్రిమ్సన్ రోజ్ పెరగదు. లంటానా విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. అమెరికా ఖండాల నుండి వచ్చిన ఆ మొక్క సీతాకోకచిలుకకు తేనెను ఇస్తుంది గాని, దట్టంగా అల్లుకొని స్థానికమైన చిన్న మొక్కలను, తీగలను అణచివేస్తుంది. పూలపై సీతాకోకచిలుకలు కనిపించినంత మాత్రాన అవి అక్కడే పెరుగుచున్నట్లు కాదు.

ఇటువంటి స్థితిని చక్కదిద్దిన ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడి రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోకచిలుక కూడా ఈశ్వరి కుటుంబపు తీగపైనే ఆధారపడుతుంది. అడవుల నరికివేతతో ఆ తీగ తగ్గిపోయినది. తోటలలో పెంచే విదేశీ జాతి తీగపై అది మోసపోయి గుడ్లు పెట్టేది, పొదిగిన పిల్లలు ఆ ఆకు తిని చనిపోయేవి. 1990వ దశకం నుండి పాఠశాలల పిల్లలు, స్థానికులు అసలైన తీగను వేల సంఖ్యలో నాటడంతో అనేక ప్రాంతాలకు ఆ సీతాకోకచిలుక తిరిగి వచ్చినది.

కంబాలకొండ చుట్టూ చేయదగిన పని ఇంతకంటె సులభమైనది, ఎందుకనగా ఇక్కడ అడవి, తీగ, సీతాకోకచిలుక మూడూ ఇంకా ఉన్నాయి. ఈశ్వరిని గుర్తించడం నేర్చుకొనుట, పొదలు కొట్టేటప్పుడు దానిని వదలివేయుట, తోటలలో నాటదలచినచో విదేశీ అలంకార జాతులను కాక స్థానిక జాతినే ఎంచుకొనుట ముఖ్యమైనవి. ఈ మొక్క విషపూరితమైనది కనుక పాఠశాలలో నాటినప్పుడు దాని వద్ద హెచ్చరిక పలక ఉంచవలెను.